కిటికీలో సిగ్నల్

ఆ పొద్దున సింహాచలానికి అప్పగించిన పని ఒక్కటే. దీపం చూడాలి, రంగు చెప్పాలి. రైలింజను నడిపి రిటైరైన మనిషికి ఇంతకంటే తేలికైన డ్యూటీ దొరకదు. అయినా మనవడు పృథ్వీ గుమ్మంలోనే తటపటాయించాడు. తాత నోట పడిన పిల్లి వీధి చివరికి చేరేలోగా పులి అవుతుందని ఆ హిందీ ఊళ్లో తెలుగు రైల్వేవాళ్లుండే లాల్‌ఖదాన్ పేట అంతటికీ తెలుసు మరి.

పృథ్వీ గోల్ బజార్‌లో ఒక మిఠాయి కొట్టుకు వెబ్‌సైట్ తయారుచేస్తున్నాడు. అతని మొదటి పని అది. కొట్లో కూర్చుని అతను ఏ మార్పు చేసినా, కొత్తగా వేయించిన బ్రాడ్‌బ్యాండు మీదుగా ఇంట్లో కంప్యూటరు దాన్ని అందుకుంటుంది. కొనవచ్చిన మనిషిలాగా తనే లడ్డూలు ఎంచుకుని లెక్క సరిచూస్తుంది. అంతా బాగుంటే పచ్చబల్బు వెలిగించి మార్పును సైటులోకి ఎక్కిస్తుంది. తేడా వస్తే ఎర్రబల్బు వెలిగించి ఆపేస్తుంది. సాయంత్రం కొట్టు యజమాని సేఠ్ చుట్టాలందరి ముందూ సైటు తెరుస్తాడు. అప్పటికి పచ్చ వెలగకపోతే పని ఇంకొకరికి పోతుంది.

"తాతా, ఆజ్ కహానీ నహీ. ఇవాళ కథలొద్దు. ఏ రంగుంటే ఆ రంగే ఫోన్లో చెప్పు," అన్నాడు పృథ్వీ.

"ఉన్నది ఉన్నట్టే సెప్తాన్రా," అంటూ సింహాచలం ఒట్టుకోసం భార్య అప్పలనర్సమ్మ తలమీద చెయ్యి వేయబోయాడు. ఆవిడ తల పక్కకు తీసుకుంది.

మనవడు వెళ్లాక ముసలాయనకు బల్బులు బల్ల కింద ఉండడం నచ్చలేదు. సిగ్నల్ అన్నాక మూల నక్కితే ఏం మర్యాద? పాత డ్యూటీ కోటు తొడుక్కుని, వైరు లాగి, రెండు బల్బులనూ తన పాత సిగ్నల్ దీపంలో అమర్చి కిటికీలో నిలబెట్టాడు. ఆ కిటికీ అవతలే రైలు పట్టాలు. ఆకాశమంతా వానమబ్బు. మధ్యాహ్నం దాటాక ఎర్రబల్బు భగ్గున వెలిగింది.

వస్తున్న బొగ్గుబండి కీచుమని ఆగిపోయింది. దాని వెనక ఇంకో బండి ఆగింది. రైల్వే గేటు పడి ఆటోలు నిలిచాయి. జనం పోగయ్యారు. గేదె అడ్డొచ్చిందన్నారు కొందరు, సమ్మె అన్నారు కొందరు. ఒకావిడ పెళ్లివారేమోనని తల దువ్వుకుని మరీ వచ్చింది.

ఇంజను దిగి వచ్చిన డ్రైవరు నూకరాజు ఒకప్పుడు సింహాచలం దగ్గర పని నేర్చినవాడే. కోటు చూసి ముందు దండం పెట్టాడు, సంగతి విని తర్వాత తల పట్టుకున్నాడు. అప్పలనర్సమ్మ కిటికీ తెర లాగెయ్యమంది.

"ఎరుపుని దాసేత్తే అబద్ధమాడినట్టే గదే," అన్నాడు సింహాచలం. "ఆడికి మాటిచ్చినాను."

నూకరాజూ కదలనన్నాడు. "ఎర్ర ఎవుడెట్టినాడో తరవాత, ముందు ఆగు అని నేర్పినోరు మీరే గదా గురువుగారూ."

సింహాచలం మనవడికి ఫోను చేశాడు. ఎర్ర అని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కనుక బండి సంగతీ, గేటు సంగతీ, తల దువ్వుకున్న ఆవిడ సంగతీ కూడా చెప్పాడు. పృథ్వీ అదంతా కథే అనుకుని నవ్వేసి, అయితే పచ్చే వెలిగిందన్నమాట అని ఫోను పెట్టేశాడు. రెండోసారి చేస్తే అసలు వినలేదు.

సింహాచలం కోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పసాగాడు.

"నా నోరే ఆడి కొంప ముంచీసినాదే," అన్నాడు మెల్లగా.

ఇన్నేళ్ల కాపురంలో అప్పలనర్సమ్మ ఆయన కథల్లో ఒక్కదానికీ సాక్ష్యం పలకలేదు. పొయ్యి మీది టీగిన్నె దించి, చేతులు కొంగుకు తుడుచుకుని, ఫోను అందుకుంది.

"బాబూ, మీ తాత సెప్పింది నిజమేరా. ఎర్రే ఎలుగుతంది. బండి ఆగిపోనాది. నూకరాజుకి టీ ఇస్తన్నాను."

అవతల పృథ్వీ నవ్వు ఆపేశాడు. "సచ్, మామ్మా? నిజమేనా?"

"నానెప్పుడైనా కతలు సెప్పినానేటి?"

పృథ్వీ వెతికితే తప్పు దొరికింది. కిలో లడ్డూలకు పావుకిలో ధర పడుతోంది. దిద్ది పంపాడు. కిటికీలో పచ్చ వెలిగింది. నూకరాజు సగం టీ వదిలేసి పరుగుతీశాడు. ఆఫీసులో అడిగితే, ఎర్ర చూసి ఆగాను, పచ్చ చూసి కదిలాను అంటానన్నాడు. బండి కూత వేసింది. సింహాచలం కోటు బొత్తాలు మళ్లీ పెట్టుకుని చెయ్యి ఊపాడు.

"నిజమని ఇంకోపాలి సెప్పవే," అన్నాడు భార్యతో, బండి పోయాక.

"సెప్పినాను గదా, సాలు," అంది ఆవిడ, తన గ్లాసులోంచి సగం టీ ఆయన గ్లాసులో పోస్తూ.

మర్నాడు సింహాచలం కుదుదండ్ పేటలో పాత స్నేహితులకు జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఒక్కరూ నమ్మలేదు. పట్టాల మీద ఒక ఏనుగును నిలబెట్టి మళ్లీ చెప్పాడు. అప్పుడు నమ్మారు.