నడిచే హద్దు మొక్కలు

ఒక జాతిని గీత గీసి రెండుగా కోయడం మహాపాపం! ఈ సంగతి ఆఫ్రికా పడమటి తీరాన ఉండే మా ఎవె జనం సభల్లో ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను. చెప్పినప్పుడల్లా నా గొంతు ఒకే చోట పూడుకుపోతుంది. ఆ చోటు నాకు ముందే తెలుసు గనక నీళ్ల గిన్నె కోసం ముందే చెయ్యి చాస్తాను.

ఎక్కడో చలిదేశంలో దొరలు బల్ల చుట్టూ కూర్చుని మా ఖండాన్ని పంచుకున్నారట. మా ఊరికి పడమర ఇంగ్లీషువాడు, తూర్పున జర్మనీవాడు. కాగితం మీద గీత బాగానే ఉంది. నేల మీద అదెక్కడుందో తేల్చడానికి ఇద్దరు దొరలు వచ్చారు. ఇంగ్లీషు దొరకు దుబాసీని నేను. జర్మనీ దొరకు దుబాసీ మా అన్న డోట్సె. ఎవరు గెలుస్తారో తెలియదని మా నాన్న ముందుచూపుతో చెరో మిషన్ బడికి పంపాడు.

మాకో పామాయిల్ తోట ఉంది. నలభై చెట్లు. నాన్న పోతూ పోతూ నడుమ హద్దు మొక్కలు నాటి సగం సగం పంచాడు. హద్దు మొక్క పీకినవాడు పొట్ట ఉబ్బి పోతాడని మాలో నమ్మకం. అందుకని మా అన్న ఎన్నడూ పీకలేదు. పాతదానికి వేణ్ణీళ్లు పోసేవాడు. అది ఎండిపోయాక, పాపం, కొత్తది నా వైపు మూరెడు జరిపి నాటేవాడు. పదకొండేళ్లలో ఆ వరుస ఆరు చెట్లు నడిచింది. ఆ ఆరు చెట్లనూ రోజూ లెక్కపెట్టుకునేవాణ్ణి. కోపమంత మెత్తని పరుపు ఇంకోటి లేదు.

"మీవాళ్లు హద్దుకు ఏం గుర్తు పెడతారు?" అని ఇంగ్లీషు దొర అడిగాడు. మొక్కలని చెప్పాను. స్థానిక ఆచారాన్ని గౌరవించడమే ప్రభుత్వ విధానమని, ఆ మొక్కల వెంటే సరిహద్దు పోతుందని అన్నాడు. నా గుండె పండగ డప్పులా మోగింది. ఒక్క మాటతో నా తోటకు ఒక మహారాణి కాపలా!

మర్నాడు దొరను తోటకు తీసుకెళ్లి, నలభై చెట్లకూ తూర్పున ఉన్న వరుస చూపించాను.

"తాతల నాటిది దొరా."

"నేల తడిగా ఉందే?"

"ఈ మొక్క స్వభావమే అంత దొరా."

అవతలి కొస నుంచి జర్మనీ దొర వచ్చాడు. నలభై చెట్లకూ పడమర ఇంకో వరుస ఉందట. అదీ తాతల నాటిదేనట. అక్కడా నేల తడే. డోట్సె గోళ్లలో మట్టి ఉంది. నా గోళ్లు వెనక్కి దాచుకున్నాను. పదకొండేళ్లలో మొదటిసారి వాడి మీద ప్రేమ పుట్టింది.

దొరలు రెండు ఆచారాలనూ గౌరవించారు. రెండు వరుసల నడుమ నేల ఎవరిదీ కాదు, అక్కడ ఎవరూ అడుగు పెట్టరాదు. నలభై చెట్లూ కోతుల పాలయ్యాయి.

ఆ రోజే సభలో నా మొదటి ఉపన్యాసం. ఇంటికి రాగానే మా ఆవిడ యావా పులుసు వడ్డిస్తూ అడిగింది. "ఏమయ్యా, ఆ రెండు వరుసలూ తెల్లవాళ్లే నాటారా?"

పులుసులో కారం ఎక్కువైందన్నాను.

తరవాత యుద్ధం వచ్చింది. జర్మనీవాడు పోయాడు. కొత్త ఇంగ్లీషు దొర మా ఇద్దరినీ పిలిపించాడు. "ఇక అటూ ఇటూ మా ప్రభుత్వమే. ఈ హద్దు తీయించేస్తాను. మీ నాన్న పంచినట్టే తోట పంచుకోండి" అని, మా ఆనందబాష్పాల కోసం ఎదురుచూశాడు.

నాన్న పంచినట్టా? అంటే సగం డోట్సెకా! అటు చూశాను. వాడూ సరిగ్గా అలాగే ఇటు చూస్తున్నాడు.

"వద్దు దొరా," అన్నాం ఇద్దరం ఒక్క గొంతుతో. "హద్దు మొక్క పీకితే పొట్ట ఉబ్బుతుంది. మా ఆచారం."

దొర పుస్తకం తీసి, సరిహద్దు ఉండాలన్నది స్థానికుల కోరికేనని రాసుకున్నాడు.

ఆ వారం సభలో మళ్లీ మాట్లాడాను. అన్నదమ్ముల్ని విడదీసిన పాపం గురించే. గొంతు సరిగ్గా ఆ చోటే పూడుకుపోయింది. చెయ్యి చాచాను. నీళ్ల గిన్నె అందించింది మా అన్న.