పదకొండేళ్లుగా ఆరని జకరయ్య

ఆ ఉదయం ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు కాబట్టి, పదకొండేళ్ల కిందట సంఘాన్ని విడిచి వెళ్లిన జకరయ్య ఒంటి మీది బాప్తిస్మపు నీళ్లు ఇంకా ఉన్నాయో, ఆరిపోయాయో తేల్చడానికి అది తగిన రోజని అందరూ ఒప్పుకున్నారు. తనిఖీకి ముందు మూడు రోజులు వాన పడకూడదని నిబంధన. పడలేదు. ఏడింటికే ఎండ కళ్లు చిట్లించుకునేలా కాసింది.

గట్టుపాలెం కాలవలో మునిగి బాప్తిస్మం తీసుకున్నవాళ్లు మళ్లీ ఆరరు. ఇది అందరికీ తెలిసిందే. కాలవలోంచి లేచినప్పుడు ఒంటి మీద ఎన్ని నీళ్లున్నాయో ముప్పై ఏళ్లకూ అన్నే ఉంటాయి. అందుకే వాళ్ల ఇళ్లలో మంచాలకు ప్లాస్టిక్ వైరు అల్లుతారు. అగ్గిపెట్టెలు అటక మీద పెడతారు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దరిదాపుల్లోకి వాళ్లను రానివ్వరు గానీ, నాట్లకు మాత్రం ముందు వాళ్లకే కబురు వస్తుంది. బస్సులో కండక్టరు వెనక సీటు చూపిస్తాడు. వాళ్లూ ఏమీ అనుకోరు.

తేలనిది ఒక్కటే. సంఘం వైపు వీపు తిప్పినవాడు ఆరతాడా, ఆరడా? ఒకసారి తడిసినవాడు ఎక్కడికి పోయినా తడివాడేనని ఒక పక్షం. వీపు తిప్పిన రోజు నుంచే ఆరడం మొదలవుతుంది, చెమట వల్ల బయటికి తెలియదంతే అని రెండో పక్షం. రెండు పక్షాల దగ్గరా వాక్యాలున్నాయి. రెండూ ఒకే పుస్తకంలోవి. ఏ పేజీ అంటే ఆ పేజీ వేలు పెట్టి చూపిస్తారు.

జకరయ్య వెళ్లిపోవడానికి కారణం మాత్రం ఏ పేజీలోనూ లేదు. పదకొండేళ్ల కిందట క్రిస్మస్ ప్రేమవిందులో అతని ఆకు దగ్గరికి వచ్చేసరికి మాంసం ముక్కలు అయిపోయాయి. వడ్డిస్తున్నది సంఘ పెద్ద దేవసహాయం. జకరయ్య భార్య రూతమ్మకు సొంత అన్న. "పులుసు బాగుంది బావా, పోసుకో" అన్నాడు. జకరయ్య ఆకు మడిచి లేచాడు. మళ్లీ మందిరం మెట్టెక్కలేదు. గుడ్ ఫ్రైడే నాడు చేపలు పట్టాడు. ఆదివారం పూట ఆరాధన జరుగుతుంటే ఎదురుగా అరుగు మీద కూర్చుని గడ్డం గీయించుకున్నాడు. చుట్ట వెలిగించడానికి పదకొండేళ్లుగా ప్రయత్నిస్తున్నాడు, ఒక్కటీ అంటుకోలేదు.

తనిఖీలో ఆరినట్టు తేలితే పేరు సంఘ పట్టీలోంచి కొట్టేస్తారు. రూతమ్మకు మూడు రోజులుగా అన్నం సయించలేదు.

"మందిరం చప్టా ఎక్కేముందు తుడుచుకోమాక" అంది ఆమె.

"తుడిస్తే మాత్రం పోద్దా? పదకొండేళ్లు తుడిచా. తువ్వాళ్లు చినిగినయ్ గానీ."

"పేరు కొట్టేస్తే పైన నేనొక్కదాన్నే కూచోవాల. నీకేం. ఏడున్నా ఎవడో ఒకణ్ణి పట్టుకుని చుట్ట కాలుస్తా కూచుంటావు."

"తడి చుట్ట ఎట్టా కాలుద్దే?"

ఆమె నవ్వలేదు. అతను తువ్వాలు భుజాన వేసుకుని బయలుదేరాడు. వెనక వీధిలో మామూలుగానే చుక్కల దారి ఏర్పడింది.

సంఘాలన్నిటికీ పైనుండే సమాజం జిల్లా ఆఫీసు నుంచి తడి తనిఖీదారు ఫిలేమోను గారు ఏడున్నరకు మోపెడ్ మీద వచ్చారు. తల తడిగా, నున్నగా దువ్వి ఉంది. సంచిలోంచి అద్దుడు కాగితాలు, కొలబద్ద, ఏడో నంబరు ఫారం తీశారు. మందిరం ముందున్న సిమెంటు చప్టా ఊడిపించి, జకరయ్యను మధ్యలో నిలబెట్టారు.

"పోలిక మనిషి కావాలి. ఎన్నడూ వీపు తిప్పనివాడు. అతని పక్కన నిలబెడితేనే ఇతను ఎంత తడో తెలిసేది" అన్నారు.

అందరూ దేవసహాయం వైపు చూశారు. నలభై ఏళ్లుగా ఒక్క ఆదివారం తప్పనివాడు. ఆరతారనే పక్షానికి నాయకుడు కూడా అతనే. చొక్కా మార్చుకొస్తానని ఇంటికి వెళ్లాడు. ఇంటి వెనక చెంబు తొట్టిలో మునిగిన చప్పుడు చప్టా దాకా వినిపించింది. ఎవరూ తలెత్తలేదు. ఆదివారాలు ఆరాధనకు ముందు, తొమ్మిదిన్నరకు, గట్టుపాలెంలో ఇంటింటి వెనకా అదే చప్పుడు వినిపిస్తుంది. స్నానాలు చేస్తున్నారని అనుకోవడం అక్కడి అలవాటు. దేవసహాయం రెండు నిమిషాల్లో తిరిగి వచ్చాడు. చొక్కా పాతదే. ఒళ్లంతా నీళ్లు.

ఎనిమిదింటికి ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టారు. జకరయ్య కింద మడుగు కట్టింది. ఎవరి ఇంటి బాతో వచ్చి అందులో ముక్కు ముంచి చూసి, కూర్చుంది. ఎనిమిదింబావుకు దేవసహాయం మీసం ఆరింది. ఎనిమిదిన్నరకు కాలరు ఆరి గట్టిపడింది. ఇంకాసేపటికి అతని పాదాల కింద సిమెంటు తెల్లబడింది. అతను ఎదురుగా గోడను చూస్తూ నిలబడ్డాడు. ఆరరనే పక్షంవాళ్లు ఎగతాళి చేయడానికి అది మంచి సమయం. కానీ ఎవరికి వాళ్లు తమ చొక్కా చేతులు పట్టుకుని చూసుకుంటున్నారు.

ఫిలేమోను గారు పోలిక మనిషి భుజం మీద అద్దుడు కాగితం పెట్టి తీశారు. కాగితం ఎలా ఉన్నది అలాగే ఉంది. ఫారం తిప్పి వెనక పేజీ చదివారు.

"పోలిక మనిషి తప్పడానికి ఫారంలో వీలు లేదమ్మా" అన్నారు రూతమ్మతో. "అతను ఎట్లా ఉంటే అదే తడి."

"మా అన్న పొడిగా ఉన్నాడు గదండీ."

"అందుకని ఈ పూటకి పొడే తడి. మీ ఆయన పొడిగా లేడు. కనక ఆరినట్టు రాయాలి."

"కారతా ఉన్నాడు గదండీ, బాతు కూడా కూచుంది."

"అది వేరే నీరు కింద వస్తుంది. దానికి గడి లేదు. తొమ్మిదింటి దాకా చూసి రాసేస్తాను."

ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయి. రూతమ్మ అన్నను చూసింది, మొగుణ్ణి చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జకరయ్య ఆమె వైపు ఒకసారి చూశాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి, పిండకుండా బావ నెత్తిన కప్పాడు.

"ఎండ బాగుంది బావా, కప్పుకో."

నీళ్లు దేవసహాయం చెవుల మీదుగా, మెడ మీదుగా, కాలర్లోకి దిగాయి.

"తువ్వాలు ఇవ్వడం నిబంధనల్లో లేదే" అన్నారు ఫిలేమోను గారు.

"వద్దని ఉందాండీ?"

ఆయన నిబంధనల మూడు పేజీలూ తిరగేశారు. "లేదు."

"మరింకేం."

దేవసహాయం పెదవులు కదపకుండా అడిగాడు. "ఎందుకు బావా?"

"నాదేం తరుగుద్ది? కారతానే ఉంటది. నువ్వెప్పట్నించి ఇట్టా?"

"నువ్వు ఆకు మడిచిన కాణ్ణించి." అన్నాడు దేవసహాయం. "ఆ రోజు ముక్కలు అయిపోలేదు బావా. పంచాయతీ ప్రెసిడెంటు గారికని గిన్నె అడుగున ఉంచా."

"తెలుసు. గరిట ముక్కకి తగిలితే ఒక చప్పుడు, గిన్నెకి తగిలితే ఒక చప్పుడు."

తొమ్మిదింటికి ఫిలేమోను గారు ఇద్దరి భుజాల మీదా కాగితాలు పెట్టి తీశారు. రెండూ ఒకేలా నానాయి. 'తడి కొనసాగుచున్నది. కారణము తెలియదు' అని రాశారు. నివేదిక మీద తడి వేలితో ముద్ర వేయాలని నిబంధన. ఆయన తల అప్పటికే ఆరి దువ్వెన గీతలు లేచిపోయాయి. సంచిలోంచి చిన్న నీళ్ల సీసా తీశారు. ఖాళీగా ఉంది. ఒక్క క్షణం ఆలోచించి, జకరయ్య చొక్కా చేతికి బొటనవేలు అద్దుకుని ముద్ర వేశారు. మళ్లీ తనిఖీ పదకొండేళ్లకు.

తనిఖీదారు వచ్చిన రోజు సంఘం భోజనం పెట్టాలి. మధ్యాహ్నం అదే చప్టా మీద ఆకులు వేశారు. జకరయ్య ఇంటికి పోబోతుంటే రూతమ్మ చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టింది. వడ్డన దేవసహాయానిది. జకరయ్య ఆకు దగ్గర వంగి, గరిట గిన్నె అడుగు దాకా దించాడు. ముక్కకి తగిలిన చప్పుడే వచ్చింది. ముక్కలు ఆకు మీద పెట్టి, మళ్లీ దించాడు. తర్వాత గిన్నె పక్కన పెట్టి, తన ఆకు తెచ్చుకుని బావ పక్కనే కూర్చున్నాడు.

జకరయ్య ముద్ద ఎత్తినప్పుడల్లా మోచేతి నుంచి ఒక్కో బొట్టు దేవసహాయం అన్నంలో పడుతోంది. అతను ఆకు జరుపుకోలేదు, కలుపుకుని తిన్నాడు. అతని అవతల కూర్చున్నవాళ్లు ఆకులతో సహా కాస్త జకరయ్య వైపు జరిగారు. వాళ్ల అవతలివాళ్లూ జరిగారు. ఫిలేమోను గారు ఎదుటి వరసలోంచి తన ఆకు ఎత్తుకుని వచ్చి, రూతమ్మ పక్కన ఉన్న కొద్ది చోటులో ఇరుక్కుని కూర్చుని, తల వంచుకుని తినసాగారు.