బస్సు ఇద్వాల్ కోట ప్రదక్షిణ

వేల్స్ కొండల్లోని ఆ ఊళ్ళో సగం మంది జోన్సులు, మిగతా సగం డేవిసులు. అందుకని మనిషి చేసే పనిని పేరు ముందు తగిలించి పిలుచుకుంటారు. రొట్టెల డేవిస్, ఉత్తరాల జోన్స్, అలా. మన ఇద్వాల్ జోన్స్ బస్సు ఇద్వాల్. ఉద్యోగమంతా బస్సు నడపడమే గనక, దేవుడు కాళ్ళిచ్చింది బ్రేకు తొక్కడానికేనని అతని గట్టి నమ్మకం. రిటైరయ్యాక ఆ బ్రేకూ లేకపోవడంతో పొట్ట అడ్డూఆపూ లేకుండా ముందుకు దూసుకుపోయింది.

"నడవకపోతే గుండె మొరాయిస్తుంది," అంది డాక్టరమ్మ.

ఆమె చెప్పింది ఇద్వాల్‌కి. విన్నది మాత్రం అతని భార్య నెస్టా.

"శనివారం నుంచి కోట చుట్టూ తిరుగుదాం," అంది ఇంటికి రాగానే.

కోటంటే ఊరి వెనక కొండమీది కాయర్ వెలెన్. ఎప్పుడో కెల్టు జాతి పూర్వీకులు కట్టుకున్నది. బురుజులూ మేడలూ ఏమీ లేవు. కొండ నెత్తిన పెద్ద మట్టిగట్టు, దాని కింద కందకం, లోపల రాజుల బదులు గొర్రెలు.

"ఆ కొండా! శత్రువు ఎక్కకూడదనే కదే మనవాళ్ళు అంత ఎత్తున కట్టింది? వాళ్ళ కష్టం వృథా చెయ్యమంటావా?"

"నువ్వు శత్రువ్వి కాదుగా."

"నా మోకాళ్ళకి నువ్వు శత్రువ్వే."

"చాలా తేలిక దారయ్యా. చంటిపిల్లలు కూడా తిరిగొస్తున్నారు."

"వాళ్ళని ఎత్తుకుంటారుగా. నువ్వు ఎత్తుకో, నేనూ తిరిగొస్తా."

నెస్టా అతన్ని ఎగాదిగా చూసి, నడక బూట్లు తెచ్చి కాళ్ళ దగ్గర పడేసింది.

శుక్రవారం టీ తాగుతుండగా ఇద్వాల్‌కి జ్ఞానోదయమైంది. గుండ్రటి దారిలో ఎంత నడిచినా బయల్దేరిన చోటికే వస్తాం. చేరాల్సిన చోటే ఉన్నవాడు మళ్ళీ బయల్దేరడం దేనికి?

మర్నాడు కొండమీది గేటు దాటగానే ఛాతీ విరుచుకున్నాడు. "నీ నత్తనడకతో నాకు కుదరదు నెస్టా. నేను ముందు పోతున్నా," అని విసవిసా సాగాడు. మొదటి మలుపు తిరిగాడో లేదో, కందకంలోకి జారి, పసుపుపూల ముళ్ళపొద వెనక మెత్తటి గడ్డిమీద వెల్లకిలా పడుకున్నాడు. నెస్టా పైన ఏదో కూనిరాగం తీస్తూ దాటిపోయింది. ఇద్వాల్ ఓ కునుకు తీసి, లేచి జేబులోంచి ఎండుద్రాక్ష రొట్టె తీశాడు.

ఆమె చుట్టు తిరిగొచ్చేసరికి గేటుకి ఆనుకుని, సీసాలో నీళ్ళు నుదుటిమీద చల్లుకుని, ఆయాసపడుతున్నాడు.

"ఇప్పుడా రావడం? కాళ్ళలో సీసం పోసుకున్నావా ఏం?"

"నీతో నేనెక్కడ సరితూగుతాను!" అంది నెస్టా, కళ్ళార్పకుండా.

అలా శనివారాలు హాయిగా గడిచాయి. నడిచే మనిషి ఒళ్ళు మాత్రం ఇంకాస్త పెరిగింది. అదంతా కండేనన్నాడు ఇద్వాల్.

"వెనకవైపు చెరువులో కొంగ భలే ఉంది కదూ?" అంది ఒకనాడు నెస్టా.

"ఒకటేమిటి, నేను వెళ్ళినప్పుడు రెండున్నాయి! పిల్లల్తో సహా."

నెస్టా ఎందుకో వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుని చాలాసేపు దగ్గింది.

ఆ వారమే శవపేటికల హువెల్ ఇంటికొచ్చాడు. ఊళ్ళో నడక సంఘానికి అతనే పెద్ద. వృత్తిరీత్యా ఎవరు ఎదురుపడినా తలనుంచి కాళ్ళదాకా కొలతలు తీసుకున్నట్టు చూస్తాడు.

"ఇద్వాల్ గారూ, ఆదివారం పక్క లోయవాళ్ళు వస్తున్నారు. నాకేమో చీలమండ బెణికింది. కర్రపట్టుకుని వెనకాల రాగలనంతే. కోట చుట్టూ మీ అంత వేగంగా తిరిగేవాడు జిల్లాలోనే లేడట కదా! మీరే ముందుండి నడిపించాలి."

"ఎవరన్నారు?"

"నేనే అన్నాను," అంది నెస్టా టీ పోస్తూ. "మొగుడి గొప్ప చెప్పుకోకూడదా?"

ఆదివారం జల్లు పడుతోంది. పక్క లోయ జనం బిలబిలమంటూ వెంటపడ్డారు. ముళ్ళపొద దాకా ఇద్వాల్ సింహంలా నడిచాడు. ఆ తర్వాత అంతా అతనికి చంద్రమండలమే.

దారి రెండుగా చీలింది. ఒకటి సన్నగా పైకి, ఒకటి వెడల్పుగా కిందికి. బస్సు తోలిన చెయ్యి వెడల్పు దారికే తిరిగింది.

"ఇక్కడే మన రాజు శత్రువుల కోసం కాపు కాశాడు," అన్నాడు ధైర్యంగా.

"అంత పల్లంలోనా?" అన్నారెవరో.

"అందుకే ఓడిపోయాడు."

"ఇక్కడ చెరువుందని చెప్పారే మీ ఆవిడ?" వెనకనుంచి అరిచాడు హువెల్.

"ఎండిపోయింది!"

అందరూ గొడుగుల కిందనుంచి అతనికేసి చూశారు. ఏడాది పొడుగునా వాన కురిసే వేల్స్‌లో చెరువు ఎండడం!

బురద మడమలు దాటింది. ఎవరి బూటో అందులోనే ఉండిపోయింది. గొర్రెలమంద ఒకటి మేత తెచ్చారనుకుని జనంలో కలిసి నడవసాగింది. చివరికి అందరూ కలిసి ఒక రైతమ్మ పెరట్లో తేలారు. ఆమె ఆరేసిన దుప్పట్లు తీస్తోంది.

"పెళ్ళా, చావా?" అంది ఆమె, జనాన్నీ హువెల్‌నీ మార్చిమార్చి చూసి.

ఇద్వాల్‌కి భూమి చీలితే బావుండుననిపించింది. అది చీలలేదు. నెస్టా వచ్చి మోచెయ్యి పట్టుకుంది.

"అటు కాదు నాయనా, ఇటు."

ఆమె వెనకాలే, గడ్డి పట్టుకుంటూ, నాలుగడుగులకోసారి ఆగుతూ, నిజమైన చెమటతో, ఇద్వాల్ జీవితంలో మొదటిసారి కోటగట్టు ఎక్కాడు. జల్లు ఆగింది. లోయలన్నీ ఒకదాని వెనక ఒకటి వెలుగులోకి వచ్చాయి. చెరువు మాత్రం ఎక్కడా లేదు. కొండ అక్కడ కొడవలిలా వంగి ఉంది. వంపుకి అవతల, కందకంలో, పసుపుపూల పొద. దాని వెనక గడ్డి ఇద్వాల్ ఆకారంలో, పొట్టతో సహా, అణిగిపోయి ఉంది. పళ్ళెంలో పెట్టినట్టు కనిపిస్తోంది.

ఇద్వాల్ పొట్ట లోపలికి లాక్కున్నాడు. "ఎప్పట్నించి తెలుసు?"

"మొదటి శనివారం నించే." నెస్టా లోయకేసి చూస్తూ అంది. "కదలకుండా పడున్నావు. అయిపోయావనుకున్నా. ఇక్కణ్ణించే పరిగెత్తబోయాను. అంతలో నువ్వు లేచి రొట్టె తీసి తిన్నావు. ఎంత సంతోషమేసిందంటే, వచ్చి పీక పిసుకుదామనిపించింది."

ఇద్వాల్ ఆమె చెయ్యి తీసుకుని తన కోటు జేబులో పెట్టుకున్నాడు.

ఒంటి కాలి మీద కుంటుతూ హువెల్ వచ్చాడు. "అద్భుతం ఇద్వాల్ గారూ! తప్పిపోవడం ఇంత సరదాగా ఉంటుందని తెలీదట వాళ్ళకి. ఇకమీద ప్రతి ఆదివారం మీరే నడిపించాలంటున్నారు."

"అబ్బే, ఆదివారాలు నాకు..."

"వస్తాడు," అంది నెస్టా. "బుధవారాలు కూడా ఖాళీయే."

హువెల్ అలవాటుగా ఇద్వాల్‌ని తలనుంచి కాళ్ళదాకా చూసి, "ఇలా నడిస్తే ఇప్పట్లో నాకు పని చెప్పరు లెండి," అని నిట్టూర్చి వెళ్ళిపోయాడు.

ఇద్వాల్ గట్టుమీద చతికిలబడి, "ఇంక నావల్ల కాదు. వెనక్కి పోదాం నెస్టా," అన్నాడు బేలగా.

"పోదాం. సరిగ్గా సగంలో ఉన్నాం. వెనక్కెళ్ళినా అంతే దూరం, ముందుకెళ్ళినా అంతే దూరం. నీ ఇష్టం."

ఇద్వాల్ అటు చూశాడు, ఇటు చూశాడు. తర్వాత లేచి, బురద దులుపుకుని, ముందుకే నడిచాడు.