పక్క సీటు కిటికీ

మా కనకరాజు కారు నడపాలంటే డ్రైవింగ్ వస్తే చాలదు. దాని అలవాట్లు కూడా తెలియాలి.

ఎడమ ఇండికేటర్ వేస్తే వైపర్లు ఊగుతాయి. హెడ్‌లైట్లు వేస్తే లోపల ఫ్యాన్ ఆగిపోతుంది. హారన్ తనకు బుద్ధి పుట్టినప్పుడు మోగుతుంది. ఏసీ సంగతి అడక్కండి, పోయినవాళ్ల గురించి చెడ్డగా మాట్లాడకూడదు. నిలకడైనది ఒక్కటే, పక్క సీటు కిటికీ అద్దం. ఏళ్ల తరబడి దిగలేదు. నాచారంలోని మా అపార్ట్‌మెంట్ పిల్లలు ఆ కారును డీజే బండి అంటారు.

ఆ పక్క సీటు కనకరాజు భార్య లక్ష్మీనర్సమ్మది. ఉప్పల్ రింగ్ రోడ్డు సిగ్నల్ దగ్గర ఎండలో, పాత పెళ్లికార్డుతో విసురుకుంటూ అడుగుతుంది.

"ఈ అద్దం ఎన్నడు దిగుతదయ్యా?"

"గట్లనే ఉంటది. జర అడ్జస్ట్ గావాలె," అంటాడు కనకరాజు, తన వైపు అద్దం పూర్తిగా దించి, మోచెయ్యి బయట పెట్టుకుని.

నేను వాళ్ల ఎదురు ఫ్లాట్‌లో ఉంటాను. మా ఆవిడ దోర్కా పోయాక నా ఇంట్లో నాతో వాదించే మనిషి లేదు. అందుకే వీళ్ల గొడవ తలుపు సందులోంచి చాయ్ వాసనలాగా వస్తుంటే నాకు బాగానే ఉంటుంది.

ఆ రోజు పెరుగు గిన్నె తిరిగి ఇద్దామని వెళ్లాను. లోపల వ్యవహారం ముదిరి ఉంది.

"నేను గూడ కారు నడుపుత. తాళం నాకియ్యి," అంటోంది లక్ష్మీనర్సమ్మ.

కనకరాజుకు పొలమారింది. కారు ఆమె చేతికి పోతే ఆదివారాలు తను ఇంట్లో ఉండాల్సి వస్తుందని ఆయన భయం.

"ఈ బండికి నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి తెల్వదే. కరెంట్ సిస్టమంత గడబిడ ఉన్నది. నీకు కష్టం."

"అయితే బాగుచేయించు."

"మెకానిక్‌లు ఆగం జేస్తరు. నేనే జేస్త."

"ఎప్పుడు?"

"సూద్దాం."

"సూద్దాం గాదు. ఆదివారం పీర్జాదిగూడల మా పద్మావతి ఇంటికి దావత్‌కు పోవాలె. గప్పటికి నువ్వు బాగుజేస్తే జన్మల తాళం అడుగ. నీతోని గాకపోతే తాళం నాది. జీవనన్నా, నువ్వే సాక్షి."

గిన్నె ఇవ్వడానికి పోయి సాక్షినయ్యాను.

కనకరాజు ఒక మందుల ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేసి రిటైరయ్యాడు. కరెంటుతో ఆయన అనుభవమంతా పూజగదిలో ఒకసారి బల్బు మార్చడం. అప్పుడు స్టూల్ పట్టుకున్నదీ, మెయిన్ ఆపిందీ లక్ష్మీనర్సమ్మే.

శనివారం పొద్దున పార్కింగ్‌లో ఫోన్ నిలబెట్టి వీడియో పెట్టాడు. వీడియోలో ఉన్న కారు వేరు, మా ముందున్న కారు వేరు.

"అన్ని బండ్లు లోపల ఒక్కటే అన్నా. మనుషులు గూడ గంతే గద," అన్నాడు.

కాలేజీలో కప్పను కోసి చూసినవాణ్ని కాబట్టి తల ఊపాను. తిరిగి కుట్టిన కప్ప ఒక్కటీ గెంతలేదని మాత్రం చెప్పలేదు.

నా పని టార్చ్ పట్టడం, స్క్రూలు దాచడం. పై టిఫిన్ గిన్నెలో డ్యాష్‌బోర్డువి, కింది గిన్నెలో తలుపువి. మధ్యాహ్నం ఆయన మురుకులున్నాయేమోనని డబ్బా బోర్లించే దాకా ఆ లెక్క బాగానే నడిచింది.

పక్క తలుపు విప్పాడు. అద్దాన్ని చెక్కముక్కతో పైకి నిలబెట్టి, దాన్ని దించే మోటారు బయటికి తీశాడు. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మంచిగనే ఉన్నది," అంటూ చేజార్చాడు. ఆ తర్వాత అది మంచిగా లేదు.

"ఇగ వైర్లు. రంగుకు రంగు కలుపుడే," అన్నాడు. ఆ కారు వైర్లన్నీ దుమ్ముతో ఎప్పుడో ఒకే రంగుకు వచ్చేశాయి. దేన్ని దేనికి కలిపాడో ఆయనకే తెలియాలి. బహుశా ఆయనకూ తెలియదు.

ఆదివారం నేను చర్చి నుంచి తెల్లచొక్కాతో వస్తుంటే, కనకరాజు ఉత్సాహంగా నా చేతిలో పానా పెట్టి, కారులో కూర్చుని తాళం తిప్పాడు.

హారన్ మోగింది. మోగుతూనే ఉంది.

తాళం తీశాడు. ఆగలేదు. స్టీరింగ్ మీద గుద్దాడు. ఆగలేదు. "ఊకో, ఊకో," అని చంటిపిల్లను సముదాయించినట్టు డ్యాష్‌బోర్డును నిమిరాడు. అది ఇంకా గట్టిగా ఏడ్చింది.

బాల్కనీలన్నీ జనంతో నిండాయి. అసోసియేషన్ ప్రెసిడెంట్ పరంధామయ్య ఒక చెంప గీసుకుని, రెండో చెంప మీద నురగతో దిగివచ్చాడు. ఏం తిట్టాడో ఆ మోతలో ఒక్క ముక్క వినబడలేదు. చిన్నదే అయినా దేవుని దయ దయే.

అప్పుడు లక్ష్మీనర్సమ్మ వచ్చింది, దావత్‌కు కట్టుకున్న పట్టుచీరలో. కొంగు నడుమున దోపి, బానెట్ ఎత్తి, నా చేతిలోని పానా తీసుకుని, బ్యాటరీ నట్టు వదులు చేసి వైరు పీకింది.

ఎంత నిశ్శబ్దమంటే, పరంధామయ్య తిట్టు చివరి ముక్క అందరికీ వినబడింది. ఆయనే సిగ్గుపడి లోపలికి వెళ్లిపోయాడు.

"నీకెట్ల తెలుసే?" అన్నాడు కనకరాజు.

"మొదలు దినమే జెప్పింది మరియా మేడమ్."

"ఏ మరియా?"

"డ్రైవింగ్ స్కూల్ మరియా. మస్తు దినాల సంది పోతున్న. లైసెన్స్ గూడ అచ్చింది."

"సాయంత్రాలు భజనకు పోతున్న అంటివి గద!"

"భజననే. పక్కకెళ్లి లారీ పోయినప్పుడల్ల దేవుని పేరే తల్సుకున్న."

నిన్న కొత్తగా కలిపిన వైర్లన్నీ ఆయన చేతనే ఊడదీయించింది. ఆ పైన బ్యాటరీ పక్కకు వంగి, ఎర్త్ వైర్లన్నీ కారు బాడీకి బిగించిన బోల్టును గోటితో గీకింది. పచ్చటి పెచ్చు ఊడింది. వాసన చూసింది.

"ఇదేందయ్యా, పసుపు?"

కనకరాజు ఆకాశం వైపు చూశాడు. ప్రతి దసరాకు బండి పూజప్పుడు, ఇంజనుకు కూడా పుణ్యం దక్కాలని బానెట్ ఎత్తి, సరిగ్గా అక్కడే కొబ్బరికాయ కొట్టి, నీళ్లు పోసి, గుప్పెడు పసుపు అద్దుతాడాయన. ఇన్నేళ్ల భక్తి ఆ బోల్టు మీద పేరుకుంది.

"కరెంటు వాపస్ పోయే తొవ్వ ఇది. తొవ్వ బందు వెడితే అది ఎటువడితే అటు పోదా?"

పైకెళ్లి చింతపండు తెచ్చింది. పూజ దీపాలు తోమినట్టు బోల్టునూ, వైర్ల కొనలనూ తోమి, కడిగి, పొడిగుడ్డతో తుడిచి బిగించింది. బ్యాటరీ వైరు పెట్టింది. ఎడమ ఇండికేటర్ వేస్తే ఇండికేటరే వెలిగింది. లైట్లు వేసినా ఫ్యాన్ తిరిగింది. హారన్ నొక్కితేనే మోగింది.

కనకరాజు ఎగిరి గంతేశాడు. "బాగైంది! ఆదివారమే బాగైంది! పందెం నాదే!"

"బాగుజేసింది ఎవరు?"

"పసుపు పెట్టింది ఎవరు? నేను పెట్టకుంటే నువ్వేం తోముతుంటివి?"

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"తాళం చెల్లెకే," అన్నాను.

"నిన్న నీకు టార్చ్ పట్టనిచ్చిన గద అన్నా!" అన్నాడు కనకరాజు, గుండె పగిలినట్టు.

లక్ష్మీనర్సమ్మ సీటు ముందుకు జరుపుకుని, వెనక చూసే అద్దం సరిచేసుకుని, దేవుని పేరు తలుచుకుని బండి తీసింది. పక్క సీటులో కనకరాజు. వెనక సీటులో సాక్షిగా నేను, ఒళ్లో టిఫిన్ డబ్బా, అందులో ఎక్కడివో తెలియని గుప్పెడు స్క్రూలు. బండి పెళ్లినడకలా మెత్తగా సాగింది.

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఎర్రలైటు పడింది. ఎండ సూటిగా కనకరాజు మొహం మీద పడుతోంది. అలవాటు కొద్దీ కిటికీ బటన్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. అద్దం దించే మోటారు మా పార్కింగ్‌లో నేల మీద ఉంది.

లక్ష్మీనర్సమ్మ తన వైపు అద్దం పూర్తిగా దించి, మోచెయ్యి బయట పెట్టుకుంది.

"నర్సమ్మా... ఈ అద్దం..."

"గట్లనే ఉంటది. జర అడ్జస్ట్ గావాలె."

డ్యాష్‌బోర్డు మీది పాత పెళ్లికార్డు తీసి ఆయన చేతిలో పెట్టింది. కనకరాజు దాన్ని కాసేపు చూసి, తల వంచుకుని విసురుకోవడం మొదలుపెట్టాడు.

కొంచెం గాలి నా దాకా కూడా వచ్చింది.