తిరిగొచ్చిన తంతి

ఆ గురువారం ఉదయం లెయాంద్రో వేసుకున్న పథకం చిన్నదే. అధ్యక్షుడి సందేశం తంతి కచేరీలో ఇవ్వాలి, జవాబు పట్టుకుని భోజనం వేళకు అధ్యక్ష భవనం చేరాలి. సహాయకుడిగా చేరాక అతనికి అది మూడో రోజు. మోంతెవిదేయో నుంచి ఆవలి దేశానికి నది అడుగున తీగ వేసి మూడేళ్లయింది. అది ఎలా నడుస్తుందో అతనికి తెలియదు. తెలియదని చెప్పుకోవడం అధ్యక్ష భవనం హోదాకు తగదనుకున్నాడు.

సందేశం ఇది: "మీ చెరలో ఉన్న మా పదకొండు మంది జాలర్లు అమాయకులు. శనివారంలోగా స్టీమరులో పంపండి. మీ మేలు మరువం."

కచేరీ బల్ల మీద హసింతా రొట్టెల బుట్టతో కూర్చుని ఉంది. పొగమంచులో హద్దు దాటి పట్టుబడిన ఆ జాలర్ల పడవలో ఆమె భర్త ఉన్నాడు. శనివారం దాటితే అందరినీ ఆవలి సైన్యంలో కలిపేస్తారని కబురు.

"బాబూ, మా ఆయన చేతికి తుపాకీ ఇస్తే తన కాలే కాల్చుకుంటాడు. కాస్త గట్టిగా చెప్పించు," అంది.

భోజనం వేళ దాటాక గుమస్తా ఫ్లోరెన్సియో ఒక కాగితం అందించి, మాతే ఆకుల టీ తాగడానికి బయటికి వెళ్లిపోయాడు. లెయాంద్రో చదివాడు. "మీ చెరలో ఉన్న మా పదకొండు మంది జాలర్లు అమాయకులు..."

"ఎంత పొగరు! వాళ్ల జాలర్లు పదకొండు మంది మన జైల్లో ఉన్నారట. ముందు వాళ్లను పంపాలట. అదీ మన మాటలతోనే!"

"అయితే పంపెయ్ బాబూ, ఆలోచిస్తావేం?"

అధ్యక్షుడు మధ్యాహ్న నిద్రలో ఉన్నాడు. ఆయన్ను లేపినందుకే పాత సహాయకుడి ఉద్యోగం ఊడింది. స్టీమరు నాలుగింటికి. భవనం ముద్ర జేబులోనే ఉంది. లెయాంద్రో జైలుకు పరుగెత్తాడు. అక్కడ ఆవలి ఒడ్డువాళ్లు నలుగురే ఉన్నారు, తాగి కొట్టుకున్నవాళ్లు.

"మిగతా ఏడుగురూ?"

"నా దగ్గర లేరు. కావాలంటే మీరే పట్టుకురండి," అన్నాడు జైలరు.

రేవులో ఎవరిది ఏ ఒడ్డో హసింతాకు తెలుసు. ఇద్దరు చెప్పులు కుట్టేవాళ్లు, ఒక వంటవాడు, ముగ్గురు మూటలు మోసేవాళ్లు దొరికారు. చివరికి బ్రౌలియో కొట్టు ముందు ఆగారు.

"నేను మంగలినయ్యా! పదేళ్లుగా ఇక్కడే ఉంటున్నా!"

"ఎప్పుడైనా చేప పట్టావా?" అన్నాడు లెయాంద్రో.

"తిన్నాను."

"చాలు, పద. మీ అమ్మను చూసి ఎన్నాళ్లయింది?" అంది హసింతా.

బ్రౌలియో తనే కత్తుల పెట్టె సర్దుకున్నాడు. హసింతా పదకొండు మందికీ తలో రొట్టె ఇచ్చి స్టీమరెక్కించింది.

లెయాంద్రో హసింతాతో కచేరీకి తిరిగొచ్చి సంగతంతా చెప్పేసరికి ఫ్లోరెన్సియో చేతిలో మాతే ఒలికింది.

"అది జవాబు కాదు మహాప్రభో! మనం పంపింది సరిగ్గా అందిందా లేదా అని వాళ్లు తిప్పి పంపిన నకలు. ప్రతి తంతికీ అంతే!"

"మరి జవాబు?"

"ఇంకా రాలేదు."

హసింతా ఖాళీ బుట్ట వైపు చూసింది. లెయాంద్రో ఆమె వైపు చూడలేకపోయాడు. ఆ సాయంత్రం రాజీనామా రాసి జేబులో పెట్టుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం అసలు జవాబు వచ్చింది. "మీ వినతిని తిరస్కరిద్దామనుకున్నాం. ఈలోగా మావాళ్లు పదకొండు మందిని, మేం అడగకుండానే, దారి రొట్టెలతో సహా పంపారు. మా మంగలిని చూసి వాళ్లమ్మ రేవులోనే ఏడ్చింది. మాకు సిగ్గేసింది. మీవాళ్లు బయలుదేరారు."

శనివారం పొద్దున హసింతా భర్త నున్నగా గీసిన గడ్డంతో స్టీమరు దిగాడు.

"నేనిక్కడ చస్తుంటే నీకు అక్కడ సోకులా?" అంది హసింతా.

"అక్కడి రేవులో ఎవరో మంగలి, వద్దన్నా వినకుండా గీశాడే. నీ రొట్టె తిన్నాడట."

హసింతా తిట్టడం మానేసి అతని చెంప తడిమింది. తర్వాత లెయాంద్రో చేతులు రెండూ పట్టుకుంది. "నీకు పని రాకపోబట్టి బతికాం బాబూ," అంది మనస్ఫూర్తిగా. అతను రాజీనామా చింపేశాడు.

ఆ మధ్యాహ్నమే భవనం నుంచి ధన్యవాదాల తంతి వెళ్లింది. కాసేపటికి నకలు తిరిగొచ్చింది. అధ్యక్షుడు దాన్ని రెండుసార్లు చదివి కళ్లు ఒత్తుకున్నాడు.

"చూశావా లెయాంద్రో, మనమంటే వాళ్లకు ఎంత కృతజ్ఞతో!"

లెయాంద్రో చెబుదామని నోరు తెరిచాడు గానీ, అప్పటికే అధ్యక్షుడి నిద్ర వేళయింది.