ఊదారంగు చుట్టరికం

ఆ బుధవారం ఉదయం వెండెల్ క్రెబ్స్ పెట్టుకున్న పని ఒక్కటే. పది గంటలకి థెల్మా ఓక్స్ తనిఖీకి వచ్చేలోగా, గుడ్లలోంచి బయటికొచ్చిన పాముపిల్లల్ని శుభ్రమైన డబ్బాలోకి మార్చి, మంచి చొక్కా తొడుక్కుని నిలబడాలి. థెల్మా ఒహాయోలోని ఆ జిల్లా పాముల పెంపకందార్ల సంఘానికి అధ్యక్షురాలు. అన్నాచెల్లెళ్లని జతకట్టించేవాళ్లంటే ఆవిడకి ఒళ్లుమంట. వెండెల్ పోయినేడు సరిగ్గా ఆ పనే చేసి, వంకర తోకల పిల్లలు పుట్టి, దొరికిపోయాడు. మళ్లీ దొరికితే శనివారం ప్రదర్శనలో పంతొమ్మిదేళ్లుగా తను కూర్చుంటున్న బల్ల పోతుంది. ఆ ఒక్కరోజు కోసమే అతను ఏడాదంతా బతుకుతాడు.

అందుకే ఈసారి మగపాముని ఫ్లోరిడా నుంచి తెప్పించాడు. ఎర్ర మచ్చల మామూలు పాము, ఏ చుట్టరికమూ లేని కొత్త రక్తం.

నేలమాళిగలోకి దిగి పెట్టె మూత తీశాడు. తొమ్మిది పిల్లలు. ఏడు ఎర్ర మచ్చలవి, రెండు లేత ఊదారంగువి.

ఆ ఊదారంగు అతని పాముల వంశంలో తప్ప ఇంకెక్కడా లేదు. అదీ తల్లి ఒంట్లోనూ తండ్రి ఒంట్లోనూ దాగి ఉండి, రెండు వైపుల నుంచీ వస్తేనే పిల్ల మీద కనబడుతుంది. అంటే ఫ్లోరిడావాడు తన పాముల చుట్టాన్నే తనకి అంటగట్టాడు. ఎలాగో అంతుపట్టలేదు. చెబితే థెల్మా నమ్మదు. ఇంతలో బయట కారు ఆగింది. వెండెల్ ఆ రెండింటినీ పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తి, గోడకి వేలాడుతున్న, వేడి గిన్నెలు పట్టుకునే మందపాటి చేతితొడుగులో వేసేశాడు.

థెల్మా నేలమాళిగలోకి రాగానే లెక్క చూసింది. "పెంకులు తొమ్మిది, పిల్లలు ఏడు. మిగతా రెండూ ఏవి?"

"పుట్టగానే పోయాయండీ."

"దగ్గర రక్తమైతేనే అలా పోతాయి. ఏవీ, చూడనీ."

"చెత్తలో పడేశాను. ఇందాకే బండివాళ్లు పట్టుకుపోయారు."

పైనుంచి అతని భార్య నడీన్ గొంతు వినబడింది. "చెత్తబండి వచ్చేది శుక్రవారం కదా. సరే, కేకు తీస్తున్నా, పైకి రండి."

వెండెల్ రెండేసి మెట్లు ఎక్కాడు కానీ, అప్పటికే నడీన్ తొడుగులో చెయ్యి పెట్టేసింది.

"వెండెల్, ఇందులో ఏదో నా వేలికి చుట్టుకుంటోంది," అంది. ఇరవైఆరేళ్ల కాపురం కదా, కేక వెయ్యలేదు. నెమ్మదిగా చెయ్యి బయటికి తీసింది. రెండు వేళ్లకి రెండు ఊదారంగు పిల్లలు.

"మళ్లీ అన్నాచెల్లెళ్లేనా? సిగ్గుండక్కర్లా?" అంది వెనకే పైకొచ్చిన థెల్మా.

"ఒట్టండీ, మగది ఫ్లోరిడాది. కావాలంటే వాణ్ణే అడగండి." వెండెల్ ఫోను కలిపి, అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టాడు.

"అదా? మీ ఒహాయోలోనే ఓ పెద్దావిడ దగ్గర కొన్నా," అన్నాడు ఫ్లోరిడావాడు. "తనింట్లోనే అన్నాచెల్లెళ్లని జతకట్టించి తీసిందట. ఎవరికీ చెప్పొద్దంది. ఏదో సంఘానికి పెద్దట పాపం."

వెండెల్ ఫోను కట్టేసి థెల్మా వైపు తిరిగాడు.

"ఆరేళ్ల కిందట మీ మనవరాలికని నేనిచ్చిన పాముల జత చచ్చిపోయిందన్నారు," అన్నాడు వెండెల్. "నేను ఏడ్చానండీ."

థెల్మా కేకు వైపు చూసింది. "ఆ రంగు మా ఇంట్లో ఒక్కసారి చూడాలనిపించింది, వెండెల్."

ఆవిడ దగ్గరున్న జతకి వెండెల్ ఆడపాము తోబుట్టువు. అంటే ఆ మగపాముకి అది తల్లి తరఫున పిన్ని, తండ్రి తరఫున మేనత్త, ఇప్పుడు పెళ్లాం.

బల్ల వెండెల్‌కే దక్కింది. థెల్మా అక్కడే కూర్చుని తనిఖీ కాగితం నింపింది. తల్లిదండ్రుల మధ్య చుట్టరికం అన్న గడి దగ్గర కలం చాలాసేపు ఆగింది. చివరికి అందులో 'ముఖపరిచయం' అని రాసింది.