టెంప్లర్లు తవ్వించిన కుంట

మన అనంతపురం మెట్టకు నీళ్లు కావాలంటే కాలువలొద్దు, ప్రాజెక్టులొద్దు, మేఘమథనాలు అసలే వద్దు. మంచి పుకారు ఒకటి పుట్టించండి, చాలు! గుప్తనిధి పుకారైతే మరీ శ్రేష్ఠం. నిధుల కోసం గుట్టలూ చేలూ తవ్వే మహానుభావుల్ని ఇన్నాళ్లూ పిచ్చివాళ్లని తిట్టుకున్నాం. తప్పు! లెంపలేసుకోండి. వాళ్లే ఈ కాలపు భగీరథులు.

నమ్మరా? అయితే వజ్రకరూరు దగ్గర మారెక్క చేనికి వెళ్లొద్దాం రండి.

మారెక్కది ఎర్రనేల. వేరుశనగ తప్ప ఇంకేదీ మొలవనివ్వనని మొండికేసిన నేల. ఏటా విత్తనానికి సరిపడా వాన పడుతుంది. తీరా మొక్కల ఊడలు నేలలోకి దిగి కాయ కట్టే వేళకు మబ్బులు మొహం చాటేస్తాయి. అప్పుడు ఒక్క తడి ఇస్తే పంట, లేకపోతే గొర్రెల మేత. నిరుడు మేతే అయింది. అంతకు ముందూ మేతే. గొర్రెలు మాత్రం బ్రహ్మాండంగా బలిశాయి! చేని దిగువ మూల ఒక నీటికుంట తవ్వించండి మహాప్రభో అని మారెక్క ఇంజినీరు ఆఫీసు చుట్టూ ఎన్నేళ్లు తిరిగిందంటే, ఆ వాకిట్లో పడుకునే కుక్క కూడా ఆమెను చూసి మొరగడం మానేసింది.

"ఈ యేడు గూడా పోతే నా వల్ల గాదు మే. చేను అమ్మేసి బెంగుళూరు పోదాం, ఆడ ఇటుకలు మోద్దాం" అని మొగుడు గంగప్ప తేల్చేశాడు. ఆ మాట విన్న రోజు మారెక్క సంగటి ముట్టలేదు. ఆమెకు ఆ చేను తప్ప వేరే లోకం తెలియదు మరి.

సరిగ్గా అప్పుడే తొలకరి పడింది, అభిలాష్ ఊడిపడ్డాడు.

తొలకరి పడితే మా వైపు చేలల్లో జనం తలలు వంచుకుని వజ్రాలు వెతకడం మామూలే. అందుకే మారెక్క ఇతన్ని పెద్దగా పట్టించుకోలేదు. కానీ ఇతనికి వజ్రాలు కాదు, వ్యూస్ కావాలి. సొంత యూట్యూబ్ చానెలున్న కుర్రాడు. చేని ఎగువన ఉన్న హద్దురాయి దగ్గర దబ్బున మోకాళ్ల మీద కూలబడ్డాడు. రాయి నెత్తిన ప్లస్సు గుర్తు! హద్దురాళ్ల మీద సర్వేవాళ్లు ఆ గుర్తు కొడతారని ఊళ్లో మేకలకు కూడా తెలుసు. అభిలాష్‌కు తెలియదు.

"ఫ్రెండ్స్! ఇది టెంప్లర్ల సిలువ!" అని కెమెరా ముందు కన్నీళ్లు పెట్టుకున్నాడు.

టెంప్లర్లంటే ఎవరా? జెరూసలేం యాత్రికులకు కాపలా కాయడానికి వందల ఏళ్ల కిందట బయల్దేరిన సన్యాసి సైనికులు. తెల్లటి అంగీ, దాని మీద ఎర్ర సిలువ. పేదరికం వాళ్ల వ్రతం. ఎంత పేదలంటే, వాళ్ల ముద్ర మీద ఒకే గుర్రం, ఇద్దరు రౌతులు! (పామిడి షేర్ ఆటో ఎక్కినవాడికి ఇదేం వింత?) అలా వ్రతం పట్టినవాళ్లు చూస్తుండగానే రాజులకే అప్పులిచ్చే స్థితికి ఎదిగారు. పేదల పేరు చెప్పుకుని ఎదగడం ఇప్పటి నాయకులు కనిపెట్టిన విద్య అనుకున్నాను నేను, ఎంత అజ్ఞానం! చివరికి అప్పు ఎగ్గొట్టాలనుకున్న ఫ్రాన్సు రాజు ఒక శుక్రవారం తెల్లవారేసరికి అందరినీ లోపలేయించాడు. వాళ్ల పెద్దను తగలబెడుతుంటే ఆయన శాపం పెట్టాడట, ఏడాది తిరక్కుండా రాజు కూడా పోయాడు. ఖజానా మాత్రం దొరకలేదంటారు. అది స్కాట్లండ్‌లో ఉందన్నారు, అమెరికా పక్క దీవిలో ఉందన్నారు, తవ్వీ తవ్వీ అలిసిపోయారు. వజ్రకరూరు పక్కన మారెక్క చేను ఒకటుందని చెప్పే దిక్కు లేకపోయింది పాపం!

మారెక్క గట్టు మీద కూర్చుని వక్కాకు నములుతూ, అభిలాష్ కెమెరాకు చెప్పిన ఈ కథంతా చెవులారా వింది.

మూడో రోజుకల్లా చేను జాతరైపోయింది. కార్లు, లోహాన్ని కనిపెట్టే యంత్రాలు, పసుపు కుంకుమలు, ఒక స్వామీజీ! ఫ్రాన్సు భూతాలకు మన నిమ్మకాయలు సరిపోతాయా, లేక ఆపిల్ పండు కోయాలా అని పెద్ద చర్చ జరిగింది. ఆ వెనకే ఊగుతూ జేసీబీ వచ్చింది. తిన్నగా హద్దురాయి మీదికి చెయ్యెత్తింది.

మారెక్క చీపురు పట్టుకుని పరుగెత్తింది. "ఎవురప్పా మీరు? మీ కొంపలు కూల! రాయి పెరికితే పక్క చేనోడు ఊరుకుంటాడా..."

తిట్టు సగంలో ఆగిపోయింది. ఎందుకంటే జేసీబీ డ్రైవరు కిందికి వంగి, చాలా మర్యాదగా అడిగాడు.

"మరి యాడ తవ్వాలక్కా?"

ఏళ్ల తరబడి ఆఫీసులో ఏ ఒక్కరూ ఆమెను అడగని ప్రశ్న అది! మారెక్క చీపురు కింద పడేసింది.

"ఏమప్పా, మీకు బుద్ధుండాదా? దాచిపెట్టేటోడు సరుకు మీదనే గుర్తు పెడ్తాడా? గుర్తు ఎగువన, సరుకు దిగువన. మా అత్త చెప్పేది, తెల్లంగీలోళ్లు గుర్రమెక్కి వచ్చినారని. గుర్రానికి నీళ్లు పట్టల్లంటే దిగువకు పోతారా, గుట్టెక్కుతారా?"

అభిలాష్ కెమెరా ఆమె మొహం మీదికి తిప్పాడు. "ఒక గుర్రం మీద ఎంతమంది వచ్చినారక్కా?"

"ఇద్దరు."

అంతే! చప్పట్లే చప్పట్లు. ఆ అత్తగారు బతికినంతకాలం గొర్రెల్ని తప్ప గుర్రాన్ని చూసిన పాపాన పోలేదన్న సంగతి ఎవరికి కావాలి?

దిగువ మూల తవ్వకం మొదలైంది. మారెక్క గట్టెక్కి మేస్త్రీలాగా నిలబడింది. "ఇంకా లోతు! పక్కలు ఏటవాలుగా తియ్యండప్పా, గుర్రపోళ్ల పద్ధతి అంతే. మన్ను దిగువకే పొయ్యల్ల, ఎగువకు పోస్తే శాపం తగిలి రక్తం కక్కుతారు!" జేసీబీ శాపానికి భయపడి చక్కగా గట్టు కూడా వేసింది. లోపల దొరికిందల్లా ఒక బీరు సీసా, ఒక ఎద్దు లాడం. లాడం గుర్రానిదేనన్నాడు అభిలాష్. వీడియో అదిరిపోయింది. తర్వాత బండ తగిలింది, భగీరథులు ఇంకో ఊరికి తరలిపోయారు.

వాన పడి కుంట నిండింది. విత్తనం పడింది. ఊడలు దిగే వేళకు మబ్బులు ఆనవాయితీ తప్పకుండా మాయమయ్యాయి. గంగప్ప ఇంజను బాడుగకు తెచ్చి సగం చేనికి తడి ఇచ్చాడు. పచ్చగా లేచిన సాళ్లను చూసి మారెక్క చేలోనే కూర్చుని ఏడ్చింది. బెంగుళూరు మాట గంగప్ప మళ్లీ ఎత్తలేదు. ఊళ్లోవాళ్లు తమ హద్దురాళ్లు కడిగి పసుపు పూసి, "మా చేలో గూడా గుర్తుండాదన్నా, వచ్చి ఒక వీడియో తియ్యి!" అని అభిలాష్‌కు ఫోన్లు మొదలెట్టారు.

ఇంకా సగం చేను ఎండుతుండగానే జీపు వచ్చింది. అందులో ఇంజినీరు సారు, ఆయన కాంట్రాక్టరు.

"ఎవరి పర్మిషన్‌తో తవ్వినావమ్మా? రేపే పూడ్చెయ్యాల" అన్నాడు ఇంజినీరు.

మారెక్క కాళ్లు పట్టుకుంది. "ఇంకొక్క తడి సార్! నా పంట నోటికొచ్చి ఉండాది, పూడ్చొద్దు సార్!"

ఆయన కుంట చుట్టూ తిరిగాడు. వాలు చూశాడు, లోతు చూశాడు, గట్టు చూశాడు. కాంట్రాక్టరు మొహం చూశాడు. ఇద్దరి మొహాలూ ఒక్కసారే వెలిగాయి.

మర్నాడు కుంట పక్కన బోర్డు లేచింది. ఈ కుంట సర్కారు పథకం కింద, లక్షల ఖర్చుతో తవ్వబడినదట! "బోర్డు పక్కన నిలబడమ్మా, కుంట నీదే, ఎవరూ పూడ్చరు. కొంచెం నవ్వు" అన్నాడు ఇంజినీరు. మారెక్క నవ్వింది. మిగిలిన సగం చేను తడవాలి కదా!

సాయంత్రం అభిలాష్ ఫోన్ చేశాడు. "అక్కా, నిజం చెప్పు. ఆడ నిధి ఉండాదా లేదా?"

"ఉండిందప్పా. నువ్వు తవ్విన చోటే ఉండింది. నిన్న వచ్చి ఎత్తుకపోయినారు."

"అయ్యో! ఎవురక్కా? ఎంతమంది వచ్చినారు?"

"ఇద్దరప్పా. తెల్ల సొక్కాలు. ఒకే జీపు."